చెవి ఇమామ్ చూసిన బండి

ఆదోని,
ఫిబ్రవరి 9

ఇమామ్ చిన్నాయనా,

నేను నాగలతను. నీ స్నేహితుడు, లారీ డ్రైవర్ మారెన్న కూతుర్ని అని కూడా రాయాలేమో. మూడు రోజులుగా నీకు ఫోన్ చేస్తుంటే ప్రతిసారీ మీ కోడలు తబస్సుమే ఎత్తుతోంది. ఒకసారి నమాజుకు పోయినావంది, ఒకసారి బండి కింద ఉన్నావంది. మూడోసారి, "అక్కా, ఏమనుకోవద్దు, మామ ఉత్తరం రాసి పంపమంటాండాడు" అంది. ఈ కాలంలో ఉత్తరమేమిటి? వీడియో తీసి పెడతానన్నా వద్దన్నావట. సరే, బళ్ళో పిల్లలకు లేఖారచన చెప్పేదాన్ని, నాకు రాయడానికేం బరువు.

బండికి ఏదో అయింది చిన్నాయనా. రెండేళ్ళ కింద కడపలో నీ షెడ్డు ముందు చూసి, "కండ్లు మూసుకోని తీసుకో పాపా" అన్నావే, ఆ సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కారుకే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే పోతుంది. పది పన్నెండు కిలోమీటర్లు నడిచి వేడెక్కినాక మొదలవుతుంది. రైలుగేటు దగ్గర ఆగి, గేటు లేచినాక గేర్ రాడ్డు 'డి'లోకి లాగుతాను. కదలదు. నేను ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేదాకా ఆలోచిస్తుంది. తర్వాత ఎవరో వెనక నుంచి తన్నినట్టు ధడాలున దూకుతుంది. నలభై స్పీడు దగ్గర ఇంకో వింత. ఇంజను గొంతు చించుకుంటుంది గానీ బండికి వేగం రాదు. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు పట్టుకుంటుంది.

చూపించని వాళ్ళు లేరు. బైపాస్ దగ్గర మెకానిక్ ప్రేమయ్య ఇంజను కింద రబ్బర్లు పోయినాయన్నాడు, మార్చాడు, ఏమీ మారలేదు. కర్నూల్లో ఒకాయన కంప్యూటర్ తగిలించి, "మేడమ్, ఒక్క తప్పు కూడా చూపించడం లేదు, మీ బండి సుబ్బరంగా ఉంది" అని పంపించాడు. తిరిగొస్తుంటే కోడుమూరు దాటకముందే తన్నింది. మా అమ్మ హులిగెమ్మ దిష్టి అంటుంది. ముందర నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఆ కుదుపుకు నిమ్మకాయ కూడా ఊడిపోయింది. ఇక మా తమ్ముడు ఓబులేష్ సంగతి తెలుసు కదా, వాడికి క్లచ్ లేని బండి బండే కాదు. "అమ్మేయక్కా, నేను దింపుతా కదా" అంటాడు.

ఆ 'నేను దింపుతా' అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. పోలియో వచ్చిన ఎడమ కాలితో క్లచ్ తొక్కలేను. మామూలు కారు నావల్ల కాదు. కోసిగి అవతల మా బడికి బస్సు పదిన్నరకు గానీ రాదు. ఆరేళ్ళు ఓబులేష్ బైకు వెనక కూర్చొని, వాడు నిద్ర లేచినప్పుడు లేచి, వాడు అలిగినప్పుడు సెలవు పెట్టి ఉద్యోగం చేశాను. ఈ రెండేళ్ళే ఎవరినీ అడగకుండా బడికి పోతున్నాను. మళ్ళీ అడగలేను చిన్నాయనా. ఈ బండి నిలవాలి.

ఏం చెయ్యాలో రాయి.

నాగలత


కడప,
ఫిబ్రవరి 16

నాగలత పాపకు, షెడ్డులో నుంచి చిన్నాయన.

ఫోన్‌లో చెప్పింది గాలికి పోతాది పాపా. కాగితమైతే జేబులో పెట్టుకోని, బండి కింద పండుకోని మల్ల మల్ల చదువుకుంటా. అందుకే రాయమంటి. వేరే ఏమీ లేదు.

ఆ ప్రేమయ్యకు చెప్పు, రబ్బర్లు పోతే చల్లగున్నా కొడతాది, వేడెక్కేదాకా కాసుకోని కూచోదు. కర్నూలాయన కంప్యూటర్ వైర్ల సంగతి చెప్తాది గాని లోపల ఏమి కాలిపోతాందో దానికేం తెలుస్తాది? నీ బండికి క్లచ్ పెడల్ లేదు గాని క్లచ్ లేకుండా పోలేదు. గేరుబాక్సు లోపల పలకలు శానా ఉండాయి. మేము కాలితో తొక్కే పని ఆడ నూనె చేస్తాది. ఒక పంపు నూనెను తోస్తే ఆ నూనె పలకలను నొక్కి పట్టుకుంటాది. నూనెకు బలం తగ్గినా, పలకలు అరిగినా జారతాది. నీకు మూడు లెక్కపెట్టే పని అందుకే పడతాండాది.

నాకు అర్థం కానిది ఒకటే. నలభై ఏండ్లుగా ఈ పని చేస్తాండా. పొడుగు స్క్రూడ్రైవర్ మొన గేరుబాక్సు మీద పెట్టి, పిడి చెవెనక ఎముకకు ఆనిస్తే చాలు, లోపల ఏ గేరు పల్లు అరిగిందో చెప్తా. ప్రొద్దుటూరు నుంచి కూడా 'చెవి ఇమామ్ యాడ?' అని అడుక్కుంటా వస్తారు. నీ బండిని ఆ పొద్దు అట్లనే ఇన్నా. ఒక్క చప్పుడు లేదు. అంత నిమ్మళంగా ఉండే గేరుబాక్సును నా జన్మలో చూడలే. రెండేండ్లకే ఇట్ల ఎట్లయింది? ఈడనే నా బుర్ర తిరగతాండాది.

నువ్వు చెయ్యాల్సింది ఏమంటే, బండి బాగా వేడెక్కినాక ఎగుడుదిగుడు లేని సదురు నేల మీద నిలబెట్టు. ఇంజను ఆపొద్దు. బ్రేకు తొక్కి పెట్టి గేర్ రాడ్డు అన్ని గుర్తుల మీద ఒకసారి తిప్పి 'పి'లో పెట్టు. గేరుబాక్సు నూనె చూసే పుల్ల తీసి, తెల్లగుడ్డకు తుడిచి చూడు. యాడికుండాది, ఏం రంగు, ఏం వాసన, అన్నీ రాయి. చప్పుళ్ళు కూడా రాయి. టీచరమ్మవు కదా, ఏ చప్పుడు ఎప్పుడు వస్తాదో, దేంతోబాటు పెరుగుతాదో ఇడమర్చి రాయి.

ఇంకొకటి. ఓబులేష్ తోలతాడా దాన్ని? వాడు మీ నాయన లారీలో నేర్చుకున్నోడు. దిగువ కనపడితే న్యూట్రల్ చేసి పెట్రోలు మిగిలిచ్చే రకం.

చిన్నాయన ఇమామ్


ఆదోని,
ఫిబ్రవరి 27

చిన్నాయనా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు ముందుకంటే ఎక్కువ అయోమయంగా ఉంది.

పొద్దునే నేను లేవకముందు ఓబులేష్ పుల్ల తీసి చూసి, "నూనె గుర్తు దాటిపోయుండాది, ఎక్కువైంది, కొంచెం పీకేయాల" అన్నాడు. సాయంత్రం బడి నుంచి వచ్చి, ఇంజను ఆపకుండా ప్రేమయ్యతో తీయిస్తే, "కింది గుర్తు కూడా అందలేదు మేడమ్, ఇంకొంచెం పోయాల" అన్నాడు. అదే బండి, అదే పుల్ల, అదే రోజు. ఇద్దరూ మా గుమ్మం ముందు నిలబడి అరగంట పోట్లాడుకున్నారు. నేను నీ కాగితం తీసి, 'ఇంజను ఆపొద్దు' అన్న చోట వేలు పెట్టి చూపించాను. ఓబులేష్‌కు కోపం వచ్చింది. ప్రేమయ్య మాట నిజమని తీసుకోనా?

రంగు ఎర్రగా ఉండాలని ప్రేమయ్య చెప్పాడు. నాది ఎరుపు కాదు, మరిగిపోయిన డికాషన్. అడుగంటిన గిన్నె వాసన వస్తోంది. తెల్లగుడ్డ మీద నల్లటి పొడి మిగిలింది.

చప్పుళ్ళు. 'డి'లో వేసినాక దూకేటప్పుడు ధడ్. నలభై దగ్గర ఇంజను ఊ అని ఎగురుతుంది. ఇవి రెండూ కొత్తవి. ఇంకొకటి ఉంది, గుయ్యిమని సన్నగా. బండి నిలబడి ఉన్నా వస్తుంది, ఇంజను రేసు పెంచితే అదీ పెరుగుతుంది. అయితే అది కొన్న రోజు నుంచీ ఉన్నదే కదా. నువ్వు విన్నావు కాబట్టి బండి గొంతే అంత అనుకున్నాను. అంత రాయదగ్గది కాదేమో.

ఓబులేష్ అప్పుడప్పుడు గురువారం సాయంత్రాలు స్నేహితులను ఎక్కించుకొని మంత్రాలయం పోతుంటాడు. నీకు చెప్పకూడదనుకున్నాను, అడిగావు కాబట్టి చెబుతున్నాను. న్యూట్రల్ సంగతి అడిగితే, "అందరూ చేసేదే కదక్కా" అన్నాడు.

నాగలత


కడప,
మార్చి 8

నాగలతకు,

ఓబులేష్ చేసిన పనే ఇది. న్యూట్రల్‌లో పరిగెత్తిచ్చి, మల్ల ఆ స్పీడులోనే 'డి'లో ఏస్తే పలకలు కాలిపోవా? వానికి బండి తాళాలు ఇయ్యొద్దు. నేను చెప్పినానని చెప్పు.

పాత నూనె దించి, నూనె వడగట్టే జాలీ కడిగి, ఎర్ర నూనె కొత్తది పోయించు. ఇంజను నడస్తా ఉన్నప్పుడే కొలత చూడమను. ప్రేమయ్య చెప్పిందే నిజం.

పని శానా ఉండాది. ఇంతే రాస్తాండా.

ఇమామ్


ఆదోని,
ఏప్రిల్ 4

చిన్నాయనా,

నీ ఉత్తరం చేరిన రోజే ఓబులేష్ దగ్గర తాళాలు తీసుకున్నాను. నీ మాటగానే చెప్పాను. "చెవి ఇమామ్ చెప్పినాక ఇంకేముంది" అని తాళాలు బల్ల మీద పడేసి పోయాడు. ఇరవై రోజులుగా మాట్లాడటం లేదు. ఇంట్లో అమ్మ ఒకరి మాట ఒకరికి మోసి మోసి అలసిపోతోంది.

నూనె మార్పించాను. పది రోజులు బండి బంగారంలా నడిచింది. నీకు ఉత్తరం రాయాలని, లడ్డూలు పంపాలని కూడా అనుకున్నాను. మొన్న మంగళవారం ఆ ముచ్చటా తీరింది.

ఒంటిపూట బళ్ళు కదా, పన్నెండున్నరకు బయలుదేరాను. పల్లె దాటి కిలోమీటరు వచ్చినాక బండి ముందుకు పోవడం మానేసింది. 'డి'లో పెడితే ఇంజను అరుస్తుంది, చక్రం తిరగదు. కింద గేరులో పెట్టాను, అంతే. చుట్టూ ఒక్క చెట్టు లేదు, ఎండ నెత్తి మీద ఉంది. ఏమీ తోచక 'ఆర్'లో పెట్టాను. టక్కున వెనక్కి కదిలింది! నాకు భయమేసింది, నవ్వూ వచ్చింది. ముందుకు పోని బండి వెనక్కి ఎలా పోతుంది?

గొర్రెలు కాసే ఉరుకుందప్ప చూసి వచ్చాడు. "ఏమ్మా టీచరమ్మా, ఎనక్కి పోతాండావే? ఏమన్నా మర్చిపోయినావా?" అన్నాడు. సంగతి చెబితే గొర్రెలను వదిలి, బండి వెనక నడుస్తూ, తువ్వాలు ఎడమకు ఊపి, కుడికి ఊపి, కిలోమీటరు దారి చూపించాడు. నేను మెడ తిప్పి తిప్పి, ఆ ఎండలో, బడి దాకా వెనక్కే తోలాను. పిల్లలు ఇళ్ళలో నుంచి పరిగెత్తుకొచ్చి, "టీచర్ ఉల్టా వస్తాంది!" అని అరుపులు. వాళ్ళకు పండగే. బండిని బడి ఆవరణలో నిలబెట్టి, స్టాఫ్ రూములోకి పోయి తలుపేసుకొని ఏడ్చాను చిన్నాయనా.

చివరికి ఓబులేష్‌కే ఫోన్ చేశాను. వచ్చాడు. వాడి వెనక కూర్చొని ఇంటికొచ్చాను. ముప్పై రెండు కిలోమీటర్లు ఒక్క మాట అనలేదు. 'నేను చెప్పలేదా' అని ఉంటే కూడా ఇంత బాధ ఉండేది కాదు.

నువ్వు రాసిందంతా చేశాను. మరి ఇదేమిటి? ఓబులేష్ నెలకు ఒకటి రెండు సార్లు తోలితే గేరుబాక్సు మొత్తం పోతుందా? నేను చప్పుళ్ళన్నీ అంత విడమరిచి రాస్తే, ఆ గుయ్యిమనే దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. పైగా నీ పోయిన ఉత్తరం నీది లాగా లేదు. నా మీద కోపమా? నాకు ఏదీ అర్థం కావడం లేదు. జూన్ పన్నెండున మళ్ళీ బళ్ళు తెరుస్తారు. ఆ రోజు నేను బడికి ఎలా పోవాలో అది ఒక్కటి చెప్పు.

నాగలత


కడప,
ఏప్రిల్ 12

నాగలత పాపకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపినా.

ఓబులేష్‌ను క్షమాపణ అడుగు. నేను చెప్పినానని కాదు, నా తరఫున అడుగు. వాడు న్యూట్రల్‌లో తోలింది తప్పే గాని, గేరుబాక్సు పోయింది దానికి కాదు. గుయ్యిమనే చప్పుడు బండి నిలబడినా వస్తాదని, ఇంజనుతో పాటు పెరుగుతాదని నువ్వు రాసినావు. అది నూనె తోసే పంపు చప్పుడు. పంపు అరిగి నూనెకు బలం తగ్గింది, బలం తగ్గి పలకలు జారినాయి, జారి కాలినాయి. రివర్సుకు వేరే పలకలు ఉంటాయి కాబట్టి అవి మిగిలినాయి. నీ రెండో ఉత్తరం చదివిన పొద్దే నాకు తెలిసిపోయింది. తెలిసే ఓబులేష్ మీదకు తోసినా.

కొన్న పొద్దు నుంచి ఆ చప్పుడు ఉండాదని రాస్తివి. నువ్వు ఇన్నావు కదా అని రాస్తివి. నేను ఇనలేదు పాపా. నాకు ఇనపడదు.

నాలుగేండ్లయింది. ముందు ఎడమ చెవి పోయింది. స్క్రూడ్రైవర్ కుడికి మార్చినా. తర్వాత అదీ మెల్లగా పోయింది. మీ చిన్నమ్మ జానమ్మ ఉన్నన్ని దినాలు గెట్టిగా అరిచి పిలుస్తా ఉండె, కాబట్టి నాకే తెలీలేదు. ఆమె పోయినాక ఇల్లంతా నిమ్మళమైపాయ. ఆ నిమ్మళం ఆమె లేనందుకే అనుకున్నా. షెడ్డులో మొగాలు చూసి, పెదాలు చూసి నెట్టుకొస్తాండా. చెయ్యి పెడితే అదురు తెలుస్తాది, దాన్తో శానా బండ్లు బాగు చేసినా. అయ్యన్న నా పక్కనే పని చేస్తాడు, వానికి కూడా తెలీదు. తబస్సుమ్‌కు ఒక్కదానికే తెలుసు. ఫోన్ ఎత్తి నా తరఫున అబద్ధాలు చెప్పి చెప్పి ఆ పిల్లకు విసుగొచ్చింది.

నీ బండి మీద స్క్రూడ్రైవర్ పెట్టి, పిడి చెవికి ఆనిచ్చి, ఏమీ ఇనపడకపోతే, ఎంత మంచి బండి అనుకున్నా. చెవి పోయిందని తెలిసినోడిని, ఆ పొద్దు దాన్ని నమ్మినా. నలభై ఏండ్ల అలవాటు. నీకు కండ్లు మూసుకోని తీసుకో అని చెప్పినా.

బండిని లారీలో ఎక్కిచ్చి ఈడికి పంపు. గేరుబాక్సు మొత్తం మారుస్తా. తెచ్చేది నేనే, వేసేదీ నేనే. బళ్ళు తెరిచే పొద్దుకు నీ బండి నీ వాకిట్లో ఉండాల. దీంట్లో నువ్వు నోరెత్తొద్దు.

ఈ సంగతి ఎవురికీ చెప్పొద్దు. చెవి ఇమామ్‌కు చెవుల్లేవంటే షెడ్డుకు ఎవురొస్తారు?

ఇమామ్


ఆదోని,
ఏప్రిల్ 20

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. నీ మీద మాత్రం రాలేదు.

ఓబులేష్‌కు సంగతి చెప్పలేదు. 'తప్పు నీది కాదట, చిన్నాయన రాశాడు' అన్నాను. వాడు, "మరి ఎవురిదంట?" అన్నాడు. అన్నం పెట్టాను, తిన్నాడు. లారీ బాడుగ వాడే మాట్లాడాడు. పల్లె నుంచి బండిని చెక్క పలకల మీదుగా లారీలోకి ఎక్కించి, తాళ్ళు కట్టి, వాడే పక్కన కూర్చొని కడపకు తెస్తాడు.

గేరుబాక్సు ఎవరు తేవాలన్నది తర్వాత పోట్లాడుకుందాం. ముందు నువ్వు చెవుల డాక్టరు దగ్గరకు పో. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారైనా పోయావా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు, కాబట్టి పోలేదనే అనుకుంటున్నాను. తబస్సుమ్‌ను వెంట తీసుకుపో. నువ్వు పోయి వచ్చినట్టు రాస్తేనే బండి తీసుకుంటాను.

నీ తప్పని అంతగా రాసుకోవద్దు చిన్నాయనా. చదవలేకపోయాను. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

నాగలత


కడప,
మే 28

నాగలత పాపకు, చిన్నాయన.

బండి అయింది.

కథ పెద్దది, కొంచెం ఓపిక పట్టు. ఎనక నుంచి లారీ గుద్దిన కారొకటి చెన్నై పాత సామాన్ల బజారుకు వచ్చిందంటే, ముందర భాగం బాగుంటాది కదా, దాని గేరుబాక్సు తెప్పిచ్చినా. వచ్చినాక గేరుబాక్సు మీద కొట్టిన నంబరు చూస్తే ఒక అక్షరం తేడా. చూసేదానికి కవల పిల్లలే. బోల్టులు కూడా కూచుంటాయి. అయ్యన్న, "ఏమైతాదన్నా, ఏసేద్దాం" అన్నాడు. లోపల గేర్ల పండ్ల లెక్క వేరే ఉంటాది, నీ బండి మెదడు ఇచ్చే లెక్కకు ఇది కలవదు. ఎనక్కి పంపిచ్చినా. పదకొండు దినాలు పోయినాయి. రెండోది సరైంది వచ్చింది.

నీ పాతదాన్ని విప్పి అడుగు పళ్ళెం దించితే కాటుక మాదిరి పొడి, దాంట్లో తళతళా మెరిసే ఇనుప రజను. పంపు చూసినా. గోటితో గీస్తే తగిలేటంత గాటు పడింది. రెండేండ్లు అది మొత్తుకుంటా ఉండాది.

కొత్తదానికి ముందర నూనె తిరిగే పెద్ద గుండు ఉంటాది, ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్యన. దాన్ని తిప్పుకుంటా లోపలికి తోస్తే మూడు మెట్లు దిగాల. రెండు మెట్లకే దిగిందనుకోని బోల్టులు బిగిచ్చినోళ్ళు కొత్త పంపును పగలగొట్టుకుంటారు. టక్ మన్న చప్పుడు ఇని లెక్కపెట్టుకుంటారు అందరూ. నేను అరచెయ్యి పెట్టి, కండ్లు మూసుకోని లెక్కపెట్టినా. ఒకటి. రెండు. మూడోదానికి అరగంట పట్టింది. మల్ల స్కేలు పెట్టి కొలిచినా. నూనె పోయే పైపులు రెండూ కడిగినా, పాత రజను పోయి కొత్తదాన్ని తినకుండా.

ఇంజను చాలు చేసినాక ఇనేదానికి మనిషి కావాల. అయ్యన్నను పిలవలేను. తబస్సుమ్‌ను పిలిచినా. ఆ పిల్ల షెడ్డులోకి వచ్చిందే ఆ పొద్దు. స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, చెవెనక పెట్టి చూపిచ్చినా. "ఏమి ఇనపడతాది?" అంటే ఆమె ఏదో చెప్పింది, నాకు తెలీలే. అప్పుడు నా చెయ్యి పట్టుకోని, తన చేత్తో అరచేతి మీద మెల్లగా రుద్దింది, పిల్లిని నిమిరినట్టు. గుయ్యి లేదు. మెత్తగా ఉండాది. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఎవురూ చూడకుండా గుడ్డతో తుడుచుకున్నా, మొగమంతా నూనె అయింది.

డాక్టరు దగ్గరికి పోతి. నువ్వు షరతు పెడితివి కదా. యంత్రాలు పెట్టి చూసినాడు. ఎడమది పోయిందంట. కుడిదానికి మిషన్ పెడితే సగం ఇనపడొచ్చంట. "పెద్దాయనా, రెండేండ్ల ముందర వచ్చింటే కుడి చెవి నిలబెట్టేవాళ్ళం" అన్నాడు. తబస్సుమ్ కాగితం మీద రాసి చూపిచ్చింది. పోనీలే, అయిందేదో అయింది.

జూన్ మొదటి వారంలో వచ్చి బండి తీసుకోని పో. దోవలో రేసు ఎక్కువ పెట్టొద్దు.

చిన్నాయన ఇమామ్


ఆదోని,
జూన్ 14

చిన్నాయనా,

పన్నెండో తేదీ పొద్దున ఏడున్నరకు నేనే తాళం తిప్పి, నేనే బడికి పోయాను. రైలుగేటు దగ్గర ఆగాను. గేటు లేచింది, 'డి'లో పెట్టాను, లెక్కపెట్టడానికి ఒకటి అనేలోపే బండి కదిలింది. నలభై దగ్గర ఎప్పుడు గేరు మారిందో తెలియలేదు. ఉరుకుందప్ప చేలో నుంచి తువ్వాలు ఊపాడు. పిల్లలు కొంచెం నిరాశ పడ్డారు. ఈసారి ముందుకే వచ్చానని.

ఇంత మంచి వార్త రాసి ఇక్కడే ఆపేద్దామనుకున్నాను. రెండు రోజులు ఆగాను కూడా. ఆపలేను.

బండి తీసుకోవడానికి వచ్చినప్పుడు నీ ముందు నిలబడి చెప్పాలని వచ్చాను. నువ్వు నా పెదాల వైపు అంత శ్రద్ధగా చూస్తుంటే, చెప్పకుండానే తాళాలు తీసుకొని వచ్చేశాను. కాగితం మీదే చెబుతున్నాను.

రెండేళ్ళ కింద ఆ రోజు నీ షెడ్డులో నేను నిన్ను వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. షెడ్డులో అప్పుడు ఏ బండీ నడవడం లేదు. నువ్వు తిరగలేదు. నేను చుట్టూ తిరిగి నీ ముందుకు వచ్చాక, "ఎప్పుడొస్తివి పాపా?" అన్నావు. అప్పుడే అనుమానం వచ్చింది. తర్వాత నువ్వు స్క్రూడ్రైవర్ పెట్టి వింటుంటే నేను పక్కనే ఉన్నాను. ఆ గుయ్యి నాకు స్క్రూడ్రైవర్ లేకుండానే వినపడింది. నువ్వు నవ్వుతూ తల ఊపావు. నీకు వినపడలేదని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

నోరు తెరిచాను. అంతలో ఓబులేష్, "అక్కా, ఈ బండి వద్దు, ఇంకొకటి చూద్దాం" అన్నాడు. నేను ఒక్క మాట అంటే వాడికి చాలు. మళ్ళీ ఎప్పటికి ఇంకొకటి దొరుకుతుంది, దొరికేదాకా వాడి బైకు వెనకే కదా. నీ మాట మీద వాడు ఎదురు చెప్పడు. అందుకని నోరు మూసుకున్నాను. 'నువ్వు విన్నావు కాబట్టి బండి గొంతే అంత అనుకున్నాను' అని ఫిబ్రవరిలో రాసింది పచ్చి అబద్ధం. నువ్వు అంతా నీ నెత్తిన వేసుకొని రాస్తే, చదివి ఊరుకున్నాను. నీ చేత గేరుబాక్సు తెప్పించుకున్నాను.

డాక్టరు అన్న మాట నువ్వు 'పోనీలే' అని ఒక్క వాక్యంలో రాశావు. రెండేళ్ళ ముందు. సరిగ్గా ఆ రోజే చిన్నాయనా. నేను ఆ రోజు నిన్ను తీసుకుపోయి ఉంటే నీకు కుడి చెవి ఉండేది. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

నన్ను ఏమైనా అను. ఊరుకోవద్దు.

నాగలత


కడప,
జూన్ 26

నాగలతా,

పాప అని రాయాలంటే చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం చదివి షట్టరు దించి ఒకన్నే కూచున్నా. ఏమన్నా అను అంటివి. అంటాండా. శానా కోపమొచ్చింది. బండి గురించి కాదు. గుయ్యిమనే బండే కావాలనుకుంటివి, కొనుక్కుంటివి, అది నీ ఇష్టం. నా ఎదురుకొచ్చి, నా మొగం చూస్తా, "చిన్నాయనా, నీకు ఇనపడతా లేదు" అని ఒక్క మాట అనలేకపోతివే? నేను ఎత్తుకోని తిప్పిన పిల్లవు. మీ నాయన ఉండింటే నా చొక్కా పట్టి ఆస్పత్రికి ఈడ్చుకుపోయుండు. నేను సిగ్గుపడి దాచిపెట్టినా. నువ్వు బండి కోసరం దాచిపెట్టినావు. నష్టం మాత్రం నా ఒక్కడికే వచ్చింది.

వారం దినాలు జవాబు రాయకూడదనే అనుకున్నా. తబస్సుమ్ నీ ఉత్తరం చదివింది. నీ తరఫున ఏమీ మాట్లాడలేదు, నా తరఫునా మాట్లాడలేదు. "మీరిద్దరూ ఇట్లనే దాచుకోండి" అని రాసి కాగితం నా ముందర పెట్టి పోయింది.

మర్నాడు షెడ్డులో అయ్యన్నను పిలిచి చెప్పేసినా. వాడు బిక్కమొగం పెట్టి, "నాకు తెలుసు కదన్నా" అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నా. మూడేండ్లుగా తెలుసంట. నా ఎనకాల బండ్ల చప్పుడు వాడు ఇని, నాకు తెలీకుండా సరి చేస్తాండాడంట. ఎవురెవురు ఎన్ని దాచిపెట్టినారో నాకు ఇంకా లెక్క తేలలేదు. ఇంక అడగదల్చుకోలేదు.

చెవి మిషన్ కర్నూల్లో పెడతారంట. రెండో శనివారం రమ్మన్నారు. నీకు బడి ఉండదు. తబస్సుమ్ బస్సుకు పోదామంది, వద్దన్నా. నువ్వే రావాల. ఆదోని నుంచి కడపకు, ఈడ నుంచి కర్నూలుకు, శానా చుట్టు. తెలిసే చెప్తాండా. నువ్వే తోలాల, నేను పక్కన కూచుంటా. దోవంతా నేను మాట్లాడకపోతే కోపం పోలేదనుకో. మాట్లాడినా పోయిందని అనుకోవద్దు.

శుక్రవారం రాత్రికే వచ్చేయి, మా ఇంట్లో పండుకుందువు. నేను షెడ్డులోనే ఉంటా. బయట నిలబడి హారన్ కొట్టొద్దు. లోపలికి వచ్చి నా భుజం తట్టు.

చిన్నాయన